పద్మం మీద ఎవరూ లేని గుడి

జపాను సముద్రతీరాన, ఇసోహమ పల్లెకు పైనున్న కొండ మీద ఈ గుడి ఉంది. లోపల విగ్రహం లేదు. గోడ నిండుగా ఒక నీలి తెర వేలాడుతుంది. దాని మీద తెల్లని పద్మం, పైన తెల్లని కాంతివలయం కనిపిస్తాయి. నడుమ కూర్చోవలసిన బుద్ధ భగవానుడు మాత్రం కనిపించడు. కొత్తగా వచ్చిన భక్తులు తెల్లబోయి కళ్లద్దాలు తుడుచుకోవడం ఇక్కడ మామూలే.

పూర్వం ఆ పల్లెలో ఒసెన్ అనే అద్దకం పనిచేసే స్త్రీ ఉండేది. బియ్యప్పిండి, తవుడు కలిపి ఉడికించిన ముద్దతో గుడ్డ మీద బొమ్మలు వేసి, నీలిమందు తొట్టిలో ముంచేది. ముద్ద పూసిన చోటు తెల్లగా మిగులుతుంది. పూయకుండా ఉంచడాన్ని ఆ పనివాళ్లు 'వదలడం' అంటారు. వదిలిన చోటు నీలమవుతుంది.

ఆమె భర్త జింపాచి సముద్రం మీద చేపల వేటకు వెళ్లి మూడేళ్లయినా తిరిగి రాలేదు. కర్మ చేద్దామని అత్తగారు ఒకుమ ఎంత పోరినా ఒసెన్ చెవిన పెట్టేది కాదు. చేస్తే తన చేతులతో చంపుకున్నట్టేనని ఆమె భయం. చేయకపోతే కొడుకు దారీతెన్నూ లేక తిరుగుతాడని ఆ తల్లి ఏడుపు. చివరికి భర్త రావాలని మొక్కుకుని, ఒసెన్ బుద్ధుని తెర మొదలుపెట్టింది.

పద్మం, వలయం పూయడం అయింది. స్వామి ఒంటికి ముద్ద పూయబోతూ మధ్యాహ్నం తొట్టి పక్కనే కునుకు తీసింది. కలలో స్వామి కనిపించి, "నన్ను వదిలెయ్యి" అన్నాడు. రూపం స్వామిదే, గొంతు మాత్రం జింపాచిది.

మెలకువ వచ్చాక ఆమెకు ఏమీ పాలుపోలేదు. ముద్ద పూయవద్దనా? మొక్కు మానుకోమనా? అసలు పలికింది ఎవరు? పిచ్చితల్లి, చేతికి తెలిసిన అర్థమే పట్టుకుంది. స్వామి ఒంటిని వదిలేసి గుడ్డను తొట్టిలో ముంచింది. చుట్టూ ఉన్నదీ నీలమే కదా, స్వామి అందులో కలిసిపోయాడు. అంత పనిమంతురాలికి ఆ సంగతి ఎలా తట్టలేదో ఎవరికీ అంతుబట్టదు.

ఆరవేసిన గుడ్డ చూసి ఒకుమ, "స్వామి ఏడే?" అంది.

"వదిలేయమన్నాడు అత్తయ్యా. వదిలేశాను."

తన మాట తన చెవిన పడ్డాకే ఆమెకు రెండో అర్థం తగిలింది. మూడేళ్లుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఒకుమ కోడలి తలను ఒళ్లోకి తీసుకుంది. మర్నాడే కర్మ జరిపించి, ఆ తెరను ఈ గుడికి ఇచ్చారు.

కలలో పలికింది స్వామా, జింపాచా అన్నది నేటికీ తేలలేదు; ఇక్కడి భిక్షువుల్లోనే రెండు పక్షాలున్నాయి. సముద్రం తిరిగి ఇవ్వని తమ వారి కోసం వచ్చేవారు తెర ముందు నిలబడి, ఆ పేరు ఒక్కసారి పిలిచి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోతారు. అలా చేస్తే పిలిచినవారికి మనశ్శాంతి కలుగుతుందని నమ్మకం. ఒసెన్ కూడా బతికినన్నాళ్లూ ఏటా వచ్చి పిలిచేది. ప్రతిసారీ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసేదట. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు.