గేటు దగ్గర సంఘపెద్ద ఫోటో

కొత్తలంక చర్చిలో గంట కొట్టేది సువార్తమ్మ, సొంత డబ్బా కొట్టుకునేది సంఘపెద్ద దేవసహాయం. చర్చికి వెబ్‌సైట్ పెడదామని అందరూ అనుకోగానే, మొదటి పేజీ నిండా తన ఫోటో, దాని కింద తన తాతగారు గంట కొనిచ్చిన వైనం ఉండాలని ఆయన తీర్మానించేశాడు.

"ఆరాధన టైము, వచ్చే దారి కూడా వేయిస్తే బాగుంటుందేమోనయ్యా," అంది సువార్తమ్మ.

"గంట కొట్టేదానివి, నీకెందుకే ఇవన్నీ?" అని కసిరాడాయన.

ఆదివారం పొద్దున్నే ఆమె కమిటీ గదిలో ఉన్న ఆయన ఫోటో పటం పట్టుకొచ్చి గేటు దగ్గర నిలబడింది. ఊరి ఆసుపత్రికి కొత్తగా బదిలీ అయి వచ్చిన నర్సమ్మ, మొగుడూ పిల్లలతో వచ్చి, "ఆరాధన ఎన్నింటికమ్మా?" అని అడిగింది. సువార్తమ్మ పటం ఎత్తి చూపించింది. "పోనీ, సండే స్కూలు ఎటువైపు?" అంటే, "ఈయన తాతగారే మా గంట కొనిచ్చారు," అంది. వాళ్లు మొహమొహాలు చూసుకుని వెనుదిరిగారు.

అది చూసి దేవసహాయం పరుగున వచ్చాడు. "నీకేమైనా మతి పోయిందా? వాళ్లడిగిందేమిటి, నువ్వు చూపించేదేమిటి?"

"రేపు మీ వెబ్‌సైట్ చేయబోయేది ఇదే కదయ్యా. ముందుగా నేను చేసి చూశాను."

దేవసహాయం తనే వెంటపడి వాళ్లను వెనక్కి పిలుచుకొచ్చాడు. మొదటి పేజీలో టైము, దారి, ఫోన్ నంబరు వేయించడానికి ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు.

"మరి నా ఫోటో?" అన్నాడు చిన్నబోయి.

"ముందు జనాన్ని రానివ్వండయ్యా. వచ్చాక మిమ్మల్ని చూడక ఎలాగూ తప్పదు కదా!"