ఖాళీ గిన్నె తిరిగివ్వని తీతయ్య

ఒట్టు పెట్టుకోవడం తప్పని దేవుడి వాక్యంలో ఉంది. కాబట్టి ఒట్టు పెట్టకుండానే చెప్పేదేమిటంటే, ఈ కథలో ప్రతి మాటా నిజం. ఆవగింజలో సగమంత కూడా కల్పన లేదు. నమ్మనివాళ్ళ గంజిలో ఉప్పు కరక్కుండా పోతుంది, అంతే.

మన ముత్తవ్వల ముత్తవ్వలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలం. చంద్రుడు ఇప్పటికన్నా రెండు చాటలంత పెద్దగా ఉన్న కాలం. ఏటి ఒడ్డున ఒక పేట ఉండేది. దానికి అసలు పేరేదో ఉండేదిగానీ, చుట్టుపక్కల వాళ్ళంతా సణుగుల పేట అనేవారు. వాన పడకపోతే దుమ్మని సణుగుడు. వాన పడితే బురదని సణుగుడు. కావలసినంతే పడి ఆగితే, ఈ భాగ్యం ఎన్నాళ్ళులే అని సణుగుడు. ఆదివారం గుడిలో అయ్యగారు ప్రార్థన ముగిస్తే, ఆమేన్ కంటే ముందు "అబ్బా, నడుములు" అన్న మాట వినపడేది. ఆ సణుగుడు భరించలేక పేటలో కాకులన్నీ మూటాముల్లె సర్దుకుని ఏరు దాటిపోయాయి.

ఆ పేటలో తీతయ్య అని ఒకడుండేవాడు. సమాధులు తవ్వేవాడు. ఆయన గడ్డపార దింపితే పాతాళంలో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి పక్కకి జరిగేవారు. పెళ్ళిళ్ళకి మాత్రం ఎవరూ పిలిచేవారు కాదు. వస్తే ఎవరివంక కొలతగా చూస్తాడో అని భయం. ఆయన దానికీ ఏమీ అనలేదు. దేనికీ ఏమీ అనేవాడు కాదు. స్తోత్రం అని ఊరుకునేవాడు.

సణుగుడంతా ఆయన పెళ్ళాం మార్తమ్మ సణిగేది. ఆవిడ నోరు చేసుకుంటే ఏటి అవతల బిడ్డలు నిద్ర లేచేవారు. తీతయ్య సమాధుల దొడ్డి నుంచి ఇంటికొస్తే చాలు, గుమ్మంలోనే అందుకునేది.

"ఏమయ్యా, ఆ బురదకాళ్ళతోనే లోపలికి వస్తావా? అలికి ఎంతసేపయిందని? చచ్చినవాళ్ళ మన్నంతా నా ఇంట్లోనే పొయ్యాలా?"

"స్తోత్రం మార్తా" అని తీతయ్య వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కునేవాడు.

అన్నీ ఊరుకునే తీతయ్యకి ఒకే ఒక్క పట్టు ఉండేది. చచ్చినవాళ్ళ తాలూకు మనిషి ఎవరో ఒకరు వచ్చి, ఆ పోయిన మనిషిని ఇచ్చినందుకు దేవుడికి ఒక్క స్తోత్రం చెప్పాలి. చెప్పేదాకా గడ్డపార ముట్టడు.

ఎందుకయ్యా అంటే, "పక్కింటి నుంచి గిన్నె అడిగి తెచ్చుకుంటాం. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇస్తామా? బెల్లం ముక్కో, నాలుగు వంకాయలో వేసి ఇస్తాం. మనిషి కూడా దేవుడి దగ్గర అడిగి తెచ్చుకున్న గిన్నే. ఖాళీగా తిరిగివ్వకూడదు. ఒక్కటి చెప్పండి" అనేవాడు.

మొదట జక్కరయ్య పోయాడు. పిసినారి. ఆయన పెరట్లో కోడి కూడా గుడ్డు పెట్టి, పెట్టానని చెప్పకుండా దాచుకునేది. కొడుకులు శవాన్ని మోసుకొచ్చి దించారు.

"ఖాళీగా తిరిగివ్వకూడదు బాబూ. ఒక్కటి చెప్పండి" అన్నాడు తీతయ్య.

పెద్దకొడుకు చిన్నకొడుకు వంక చూశాడు. చిన్నకొడుకు ఆకాశం వంక చూశాడు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు పెద్దకోడలు ముసుగు సర్దుకుని చెప్పింది. "మా మామ గురకపెట్టేవాడు. ఆ గురకకి మా ఇంటికి దొంగలు రాలేదు. స్తోత్రం."

"చాలమ్మా" అని తీతయ్య గడ్డపార దింపాడు. ఆ రోజు సమాధుల దొడ్డిలో జనం నవ్వారు. పేట అక్కడ నవ్వింది అదే ఆఖరు.

తర్వాత గత్తర వచ్చింది. గత్తరంటే వాంతులూ విరేచనాలూ. పొద్దున పొయ్యి రాజేసిన మనిషి పొద్దుగూకేసరికి లేదు. పెట్టెలు చేసే వడ్రంగే ముందు పోయాడు. ఆ పైన చాపల్లో చుట్టారు. చాపలు అయిపోతే చీరల్లో చుట్టారు.

అప్పుడు సలోమి అనే పేట పిల్ల వచ్చింది, చేతుల్లో బిడ్డతో. మొన్న మొన్న పుట్టిన ఆడబిడ్డ, ఇంకా పేరు కూడా పెట్టలేదు. తెల్ల పాతగుడ్డలో అరచేయంత మూట.

"ఖాళీగా తిరిగివ్వకూడదమ్మా" అన్నాడు తీతయ్య. "ఒక్కటి చెప్పు."

"ఏం చెప్పను మామా? అది కళ్ళు తెరిచి నన్ను సరిగ్గా చూడనైనా లేదు."

"ఒక్కటి చెప్పు."

"రేపు చెప్తాను. ఇవాళ తవ్వు మామా, నీకు దండం పెడతాను."

తీతయ్య కదల్లేదు. పక్కవాళ్ళు నీది గుండె కాదు బండ అన్నారు. అయినా కదల్లేదు. నీడ ఈ పక్క నుంచి ఆ పక్కకి తిరిగింది. సలోమి నిలబడలేక కూలబడి, గుడ్డలో చెయ్యి పెట్టి, చివరికి చెప్పింది. "నా వేలు పట్టుకుంది. ఒక్కసారి, గట్టిగా పట్టుకుంది. స్తోత్రం." ఆ స్తోత్రం పళ్ళ మధ్య నుంచి వచ్చింది. తీతయ్య చాలమ్మా అని తవ్వాడు. మంచి పనే చేశాననుకున్నాడు.

ఆ తర్వాత చావు ఆయన గుమ్మంలోకే వచ్చింది. తీతయ్య ఎవరికో తవ్వి ఇంటికి వచ్చేసరికి మార్తమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బురదకాళ్ళు చూసింది. నోరు తెరిచింది. మాట రాలేదు. పొద్దు వాలకముందే పోయింది.

మర్నాడు తన పట్టు తానే మరిచి, ఆయనే తవ్వాడు. తన పెళ్ళానికి తవ్విన గొయ్యి ఎంత లోతంటే, అడుగున నిలబడి చూస్తే పట్టపగలే చుక్కలు కనిపించాయి. పేటలో మిగిలినవాళ్ళంతా వచ్చారు. అయ్యగారు ప్రార్థన చేశారు. అందరూ తీతయ్య వంక చూశారు.

తీతయ్య తన మాటకి తానే దొరికిపోయాడు. ఒక్క స్తోత్రం చెప్పాలి. చెప్పకపోతే మార్తమ్మ ఖాళీగా వెళ్ళాలి. అన్నాళ్ళు అందరి చేతా చెప్పించిన మనిషికి నాలుక మీదకి ఒక్క ముక్క రాలేదు.

గోతిలో వెయ్యడానికి మొదటి పిడికిలి మన్ను తీశాడు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూ వేశాడు.

రెండో పిడికిలి తీశాడు. అప్పుడు వచ్చింది సణుగుడు. పుట్టినప్పటి నుంచి ఆయన స్తోత్రం కింద తొక్కిపెట్టిన సణుగుడంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"ప్రభువా, పేటలో అందర్నీ నేనే పూడ్చాను. ఒక్కనాడు నిన్ను ఒక్క మాట అన్నానా? నీకు చివరికి నా గుమ్మమే దొరికిందా? నన్నెందుకు ఉంచావు? ఎవరు పెడతారు నాకింత గంజి?"

ఆ మాటలకి ఏరు పారడం ఆపి నిలబడి విన్నది. సణుగుల పేట మొత్తం నోరు మూసుకుంది. సణిగాడు, సణిగాడు, గొంతు పోయేదాకా సణిగి రెండో పిడికిలి వేశాడు.

మూడో పిడికిలి తీశాడు. చెయ్యి తెరుచుకోలేదు.

అప్పుడు సలోమి జనంలోంచి వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు కసి తీర్చుకుంటుందిలే అనుకున్నారు అందరూ.

"మామా," అంది. "ఆ రోజు నువ్వు నన్ను తొందరపెట్టావు. నా నోట్లోంచి లాక్కున్నావు. నా బిడ్డ నా వేలు పట్టుకున్నందుకు నిజంగా స్తోత్రం చెప్పుకోవడానికి నాకు తర్వాత చాలా రోజులు పట్టింది. చెప్పుకున్నాను, ఒక్కదాన్నే, పొయ్యి దగ్గర కూర్చుని. నేను నిన్ను తొందరపెట్టను. ఆ పిడికెడు మన్ను ఇంటికి తీసుకెళ్ళు. వచ్చినప్పుడు వేద్దువుగాని."

"ఖాళీగా పంపకూడదే పిల్లా."

"దేవుడికి ఆకలేం కాలేదు. ఆగుతాడులే."

పంచె కొంగున మన్ను కట్టుకుని తీతయ్య ఇంటికి నడిచాడు. కాళ్ళ నిండా బురద. గుమ్మం ముందు అలవాటుగా ఆగాడు, తిట్టు కోసం. తిట్టు రాలేదు. ఇంకాసేపు ఆగాడు. ఇల్లు ఊరుకునే ఉంది. అలికిన నేల ఎండి తెల్లగా ఉంది. ఆ బురదకాళ్ళతో లోపలికి వెళ్ళినా ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

గుమ్మం బయటే కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. చాలాసేపటికి లేచి వెనక్కి నడిచాడు. పేటవాళ్ళు పూడ్చి వెళ్ళిన కొత్త సమాధి మీద కొంగు విప్పాడు.

"ప్రభువా," అన్నాడు. "నా కాళ్ళకి బురద ఉందో లేదో చూడ్డానికి ఒక మనిషినిచ్చావు. ఇన్నేళ్ళు చూసింది. స్తోత్రం."

మూడో పిడికిలి వేశాడు.

ఆ తర్వాత తీతయ్య గడ్డపార పట్టుకుని ఎవర్నీ నిలబెట్టలేదు. ముందు తవ్వేవాడు. ఏడ్చేవాళ్ళని ఏడవనిచ్చేవాడు. సణిగేవాళ్ళ పక్కన కూర్చుని సణగనిచ్చేవాడు. చివర్న చిన్నగా, "ఖాళీగా తిరిగివ్వకూడదమ్మా. వచ్చినప్పుడే చెప్పు" అనేవాడు.

ఆయన పోయిన రోజున తవ్వడానికి మనిషి లేడు. పేటంతా చేతులతో తవ్వింది. అందరూ మూడు పిడికిళ్ళు వేశారు. మూడోది వేస్తూ ఒక్కొక్కరూ ఒక్కొక్క స్తోత్రం చెప్పారు. చెప్పీ చెప్పీ ఆ దిబ్బ తాటిచెట్టంత లేచింది. ఏరు దాటి మూడు ఊళ్ళవాళ్ళు దాన్ని చూసి, ఇక్కడ కొండ ఎప్పుడు మొలిచిందని అడిగారు.

పేట సణుగుడు మానిందా అంటే, మానలేదు. మనుషులు కదా. కానీ అక్కడ సణుగుడు ఇప్పుడు రెండో పిడికిలి దగ్గర ఆగుతుంది. ఈనాటికీ ఎవరు పోయినా మూడు పిడికిళ్ళ మన్ను వేస్తారు. మొదటిది ఏడుపుకి. రెండోది సణుగుడికి. మూడోది స్తోత్రానికి. మూడోది రాకపోతే కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. ఏమిటా మూట అని ఎవరైనా అడిగితే, "తీతయ్య పిడికిలి" అంటారు. అడిగినవాళ్ళు ఇంకేమీ అడగరు.

ఇంతసేపు కాళ్ళు చాపుకుని విన్నావు, ఇక లే. పొయ్యి మీద గంజి ఉంది, ఆ ముంతలోకి వంపుకో. వీధి చివర రాహేలమ్మ ఇంటికి పట్టుకెళ్ళు. మొన్న మొగుణ్ణి మట్టిలో పెట్టి, రెండు పిడికిళ్ళే వేసి వచ్చింది. మూడోది ఇంకా కొంగునే ఉంది. ముంత చేతికిచ్చి పక్కన కూర్చో. ఏమీ అడక్కు. ఆవిడ తిడితే తిట్లు తిను. పొద్దుపోయినా సరే, ఆవిడ గంజి తాగేదాకా లేవకు.