తేజ కన్ను, నాంచారమ్మ మందు

అనగనగా మిరపచేల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ, ఆవిడకో కుక్క. ఎర్రగా ఉంటుందని దానికి తేజ అని మిరప రకం పేరే పెట్టుకుంది. నాంచారమ్మ గొంతు వినపడితే చాలు, తేజ తోకొక్కటే కాదు, ఒళ్ళంతా ఊపేది. వింటున్నావా? ఆ మోకాలి మీద పక్కు గిల్లకు మరి.

ఒకరోజు తేజ పందికొక్కు వెంటపడి, ఎండు మిరపకట్టె కుప్పలో తల దూర్చింది. పుల్ల కంట్లో గీసుకుంది. కన్ను తెరవదు, ఒకటే నీళ్ళు.

అప్పుడు నాంచారమ్మ దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకెళ్ళింది. డాక్టరమ్మ కంట్లో రంగుచుక్క వేసి, లైటు పెట్టి చూసింది. గాయమున్న చోట రంగు అంటుకుని, నల్లగుడ్డు మీద గీత ఆకుపచ్చగా మెరిసింది.

"పైపొర లేచిందమ్మా. చీము పట్టకుండా ఈ చుక్కలు వెయ్యండి. చెప్పినన్నిసార్లే సుమా," అంది.

నాంచారమ్మ ఊరుకుంటుందా! చేలో పురుగు పడితే మందు కొట్టడం, చావకపోతే ఇంకాస్త పెంచి కొట్టడం, ఆవిడకి తెలిసిందదేగా. కంటి మందూ మందే అనుకుంది పిచ్చితల్లి. ముందు చుక్కలు పెంచింది. ఆ తర్వాత పక్కింట్లో మిగిలిన చుక్కలు తెచ్చి వేసింది. ఆ తర్వాత మందుల షాపుకెళ్ళి, "ఇంకా గట్టిది ఇవ్వు నాయనా," అని మూడో సీసా తెచ్చింది.

కన్ను ఇంకా ఎర్రబడింది. చివరికి నాంచారమ్మ గొంతు వింటేనే తేజ మంచం కిందికి దూరడం మొదలెట్టింది. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"కన్ను పోద్దేమోనే తల్లీ!"

మళ్ళీ డాక్టరమ్మ, మళ్ళీ రంగుచుక్క. గీత అక్కడే ఉంది.

"పురుగు చావాలి కదమ్మా, అందుకని..." అని నసిగింది నాంచారమ్మ.

"మందు పని చంపడమే. మానడం కన్ను పని. గాయం అంచున కనపడనంత చిన్న కణాలుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని, మెల్లగా పాక్కుంటూ వచ్చి గాయాన్ని కప్పుతాయి. మీ నారుమడిలో మందు ఎక్కువైతే ఏమవుతుంది?"

"నారు మాడిపోద్ది," అని నాలిక్కరుచుకుంది నాంచారమ్మ.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ చెప్పిన చుక్కలే వేసింది. మిగతా పొద్దంతా చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసింది. నాకూ తెలుసులే, మీ అమ్మకి చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా అలాగే కూర్చునేదాన్ని.

ఆ తర్వాత ఒకనాడు డాక్టరమ్మ రంగుచుక్క వేస్తే ఆకుపచ్చ ఎక్కడా లేదు. చిన్న తెల్లమచ్చ మిగిలిందంతే. ఇక మందు ఆపెయ్యమంది.

అయినా ఇంటికి రాగానే తేజ మంచం కిందికే పోయింది. నాంచారమ్మ బయటికి లాగలేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. చాలాసేపటికి ఒక తడిముక్కు వచ్చి ఆవిడ అరచేతిని వాసన చూసింది. మందు వాసన లేదు. అప్పుడు తేజ ఒళ్ళంతా ఊపింది.

పక్కు మీంచి చెయ్యి తియ్యమన్నానా! దాని కింద కూడా ఆ చిన్న కణాలు పనిలో ఉన్నాయి.

కథేమో కంచి బాట పట్టె,
కంటికేమో కునుకు పట్టె.