రాజుగారి పెట్టెకు పొట్టి ఫ్యాను

జిగినీపురంలో కొత్త వస్తువుతో వచ్చిన ప్లాస్టిక్ కవరు ఎవ్వరూ చింపరు. రాజుగారు కదిలితే చాలు, సింహాసనం కూడా కరకరమంటుంది.

ఆ రాజుగారికి తాంబూలం పెట్టె అంత కంప్యూటరు ఒకటి ఉంది. ఎండాకాలం వచ్చేసరికి అది పెనంలా వేడెక్కిపోయింది. యంత్రాధికారి ఉద్దండరాయుడు రాచఠీవి కోసమని జానెడెత్తు ఫ్యాను తెప్పిస్తే పెట్టెకి మూతే పడలేదు. విసనకర్రలు అల్లే గవిరమ్మ పెట్టె లోపలి ఎత్తు వేళ్ళతో కొలిచి, అందులో ఇమిడే పొట్టి ఫ్యాను ఏరి తెచ్చింది. పేరంతా తనకే రావాలని రాయుడు దాన్ని లాక్కుని తనే బిగించాడు. పెట్టె మళ్ళీ వేడెక్కింది.

"ఫ్యానే నాసిరకం ప్రభూ! ఈమెని ఊళ్ళోంచి వెళ్ళగొట్టండి," అన్నాడు రాయుడు చెమటలు కక్కుతూ.

గవిరమ్మ గబగబా ఫ్యాను ఊడదీసి అడుగు చూసింది. అంతే, నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. పరుగున వెళ్ళి కొత్త ముంతతో మజ్జిగ తెచ్చి, "ముందు దాహం తీర్చుకోండి అయ్యగారూ," అంది.

రాయుడు ముంత ఎత్తాడు. చుక్క రాలేదు. మూతికి మైనపు గుడ్డ బిగించి ఉంది.

"ఇది విప్పలేదేమే?"

"కొత్త ముంత కదండీ, విప్పితే పాతబడిపోదూ?"

"విప్పకపోతే మజ్జిగ బయటికెలా వస్తుందే!"

"మరి ఇది తీయకపోతే వేడి ఫ్యానుకెలా అందుతుందండీ?" అంటూ ఫ్యాను అడుగున వేడిని లాగే రేకుకి అతుక్కుని ఉన్న ప్లాస్టిక్ పొరని అందరి ముందూ పర్రున పీకింది.

తిరిగి బిగించగానే పెట్టె చల్లబడింది. సభంతా పకపకలాడింది. రాజుగారు మాత్రం నవ్వలేదు. మెల్లగా లేచి, పదేళ్ళుగా తనకి చెమటలు పట్టిస్తున్న సింహాసనం కవరుని రెండు చేతులా పరపరా చింపేశారు.