ముక్కన్న రెండో గూడు

కొండ దిగువన, అడవికి ఆనుకుని ఓ చిన్న గెస్ట్‌హౌస్ ఉంది. ఎండలు ముదరకముందే అక్కడికి పక్షుల్ని చూసే జనం దిగేవాళ్ళు. మెడలో బైనాక్యులర్లు, భుజాన మూరెడు పొడుగు కెమెరాలు. వాళ్ళొస్తే పిట్టలన్నిటికీ బెరుకే గానీ, వంటింటి వెనక బతికే బొగ్గులయ్య అనే కాకికి మాత్రం సంబరం. వాళ్ళున్నన్నాళ్ళూ పూరీ ముక్కలకూ కోడి ఎముకలకూ లోటుండదు.

ఆ రోజుల్లో అడవిలో కాలు నిలవకుండా తిరిగేవాడు ముక్కన్న ఒక్కడే. పసుపుపచ్చ ముక్కు, ముక్కు మీద మరో కొమ్ము; జనం హార్న్‌బిల్ అంటారే, ఆ పక్షి. ఆ జాతిలో ఆడది గుడ్లు పెట్టే వేళకు చెట్టుతొర్రలో దూరి, లోపల్నుంచి వాకిలి పూడ్చేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. లోపలే రెక్కల ఈకలు రాలిపోతాయి. మళ్ళీ మొలిచేదాకా తల్లికీ పిల్లలకీ మగవాడు తెచ్చి అందించే పండే దిక్కు. ముక్కన్న భార్య పండమ్మ అలాగే లోయలోని మద్దిచెట్టు తొర్రలో ఉంది.

ఓ పొద్దున మేడిచెట్టు మీద బొగ్గులయ్య మాట కలిపాడు.

"ఏం అన్నా, వదిన జాడే లేదు. అలిగిందా?"

"అలగడమేంటి. పిల్లలు పుట్టారు," అన్నాడు ముక్కన్న, కాస్త మెడ నిక్కించి.

"మంచి మాట చెప్పావు. తొర్ర గట్టిదేనా? పాములెక్కే చెట్టయితే కష్టం."

"పాముకి పట్టు దొరకదు. లోయలో నున్నటి మద్ది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే బొగ్గులయ్య ఎగిరిపోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే బొగ్గులయ్య మద్దిచెట్టు మీద వాలి గోల మొదలుపెట్టాడు. కాకి అంతగా అరుస్తోందంటే అక్కడేదో ఉందని పక్షుల్ని చూసేవాళ్ళకు తెలుసు. గెస్ట్‌హౌస్ గైడు జోగిరాజు బైనాక్యులర్ ఎత్తాడు. తొర్రలో సందు, సందులోంచి ముక్కు కొన కనబడ్డాయి. కాసేపటికి చెట్టు కింద స్టూళ్ళు, స్టాండ్లు, ఫ్లాస్కులు చేరాయి.

ముక్కన్న గొంతు నిండా పండ్లతో వచ్చి, జనాన్ని చూసి వెనక్కి తిరిగాడు. ఎదుటి కొండ మీద వాలాడు. నిలవలేక లేచాడు. వెదురు పొద చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాడు. జనం వంతులు వేసుకుని కూర్చున్నారు గానీ కదల్లేదు. చీకటి పడే వేళకు లేచారు; అప్పటికి ముక్కన్నకు ఎగరడానికి చూపు ఆనలేదు. రెండోరోజూ అంతే.

మనుషులంటే జంకు లేని ముసలి కొండముచ్చు దుబ్బయ్య మద్దిచెట్టు మీంచి కబురు తెచ్చాడు.

"అల్లుడూ, మీ ఆవిడ రేపటికి కూడా చూసి, వాకిలి పగలగొట్టుకుని వచ్చేస్తానంటోంది. పిల్లలు అరుస్తున్నారట."

"రెక్కలకి ఈకలేవి, మావా? కింద పడుతుంది," అన్నాడు ముక్కన్న. "నువ్వయినా ఈ పండ్లు తీసుకెళ్ళి ఇవ్వు."

"నా చేతిలో పడిన పండు ఇంకొకరి నోటికి చేరుతుందా? నన్ను నేనెరగనా," అన్నాడు దుబ్బయ్య నిజాయితీగా.

ముక్కన్న వంటింటి దగ్గరికి పోయి బొగ్గులయ్యను బతిమాలాడు. "ఇంకోచోట గోల చెయ్యి తమ్ముడూ. వాళ్ళని అటు తిప్పు."

"వాళ్ళకి నచ్చింది అన్నా. ఇంకా ఉంటారట," అన్నాడు బొగ్గులయ్య ఎముక గీకుతూ. "ఎవరి పొట్ట వాళ్ళది."

ముక్కన్నకు ఎటు పోవాలో తోచలేదు. పక్కనే ఉన్న సగం ఎండిన బూరుగుచెట్టు మీద, నోట్లో మేడిపండుతో, ఊరికే వాలాడు. వరండాలో టీ తాగుతున్న ఒకామె గ్లాసు దించి కెమెరా ఎత్తింది. పిలిచింది. లోపలున్నవాళ్ళంతా చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చారు.

ముక్కన్న వాళ్ళని చూశాడు. బూరుగుచెట్టుకున్న తొర్రను చూశాడు. కొమ్మ మీద మెల్లిగా నడిచి, తొర్రలోకి ముక్కు దూర్చి పండు వదిలాడు.

"ఎవరది?" అంది లోపల్నుంచి ఓ ఉడుత. "ఇల్లు తప్పావా మావయ్యా?"

"తప్పలేదమ్మా. నువ్వు బయటికి రాకు. వచ్చినప్పుడల్లా పండు తెస్తా. లోపల కాస్త అలికిడి చెయ్యి, చాలు."

"రోజూ తెస్తావా?"

"తెస్తా."

"అయితే నేను నీ పిల్లనే," అంది ఉడుత, పండు కొరుకుతూ.

తొర్రలో గరగరమని చప్పుడైంది. పిల్లలే అని జనం మురిసిపోయారు. గుమ్మం ముందరే గూడుంటే లోయలోకి దిగి దోమలతో కుట్టించుకోవడమెందుకని స్టూళ్ళన్నీ ఇటు తెప్పించుకున్నారు. జోగిరాజుకు నడక తప్పింది, అడ్డు చెప్పలేదు.

మద్దిచెట్టు కింద ఎవరూ లేరు. ముక్కన్న సందు దగ్గర వాలితే పండమ్మ ముక్కు ముందుకొచ్చింది.

"ఎక్కడ చచ్చావు?" అంది నీరసంగా.

"తర్వాత తిడుదువు గాని. తిను."

ఆమె తినలేదు. ముందు పిల్లలకు అందించి, ఆ తర్వాత నోరు తెరిచింది.

ఆ బూరుగుచెట్టు పై కొమ్మ మీదే బొగ్గులయ్య గూడు ఉంది. పెళ్ళాం గుడ్ల మీద కూర్చుంది. ముక్కన్న ఎత్తు బొగ్గులయ్యకు అర్థమై, అది ఉత్త తొర్ర అని చెప్పాలని జనం నెత్తిన గొంతు చించుకున్నాడు. జోగిరాజుకు ఇంకోలా తోచింది.

"ఈ కాకి తొర్రలోని పిల్లల్ని పొడిచి తినేస్తుంది. తోలెయ్యండి," అన్నాడు.

వంటావిడ రేకుడబ్బా మోగిస్తూ వచ్చింది. కాకులు రెండూ ఎగిరిపోయాయి. వాలబోతే మళ్ళీ డబ్బా. ఇంటికీ వంటింటికీ దూరమై మామిడితోపులో కూర్చోవలసి వచ్చింది.

గూడు ఖాళీగా ఉండటం చూసి ఆకుల చాటు నుంచి కోకిల వచ్చింది. కాకి గుడ్డొకటి కిందికి తోసి, తన గుడ్డు పెట్టి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. ఉడుతకు పండు ఇవ్వడానికి వచ్చిన ముక్కన్న అదంతా చూశాడు.

సెలవులయ్యాక జనం వెళ్ళిపోయారు. పండమ్మ కొత్త ఈకలతో బయటికి వచ్చింది. బొగ్గులయ్య గూటికి చేరి, పొద్దస్తమానం తిరిగి తిండి తెచ్చి, నోరు మూయని ఓ పిల్లను మేపుతున్నాడు.

"చూడన్నా, మా ఇంట్లో ఎవరికీ లేనంత ఆకలి వీడికి," అన్నాడు ఓనాడు, గర్వంగా.

ముక్కన్న నోట్లో పండు ఉంది. దించి చెప్పవచ్చు. దించలేదు. దుబ్బయ్యకు తెలుసు, ఉడుతకు తెలుసు. ఎవరూ చెప్పలేదు.

అందరి గుట్టూ బయటపెట్టి బతికేవాడికి, తన ఇంటి సంగతి చెప్పేవాళ్ళు మిగలరు.