చెవి పక్కన ఉన్ని కుచ్చు

మీ తాతకు తాత ఇంకా పాలపళ్లు ఊడని కాలం. గుట్టలకు ఎవరూ పేర్లు పెట్టని కాలం. అప్పుడు ఓదెలు అనే గొర్రెల కాపరి మందలో తల్లి లేని పొట్టేలు పిల్ల ఒకటి ఉండేది. దానికి ఒక చెవి ముడుచుకుపోయి పుట్టింది. రెండో చెవి దొప్పలా తెరుచుకుని ఉండేది.

ఆ గుట్టల్లోనే ఒక కుంటి గోరింక ఉండేది. ఎప్పుడో ఉచ్చులో పడి ఒక కాలి వేళ్లు పోగొట్టుకుంది. కొమ్మ పట్టు దొరక్క జారిపోయేది. వేపచెట్టుకు పోతే తోటి గోరింకలు పొమ్మన్నాయి. తుమ్మచెట్టుకు పోతే పొమ్మన్నాయి. రేగుపొదకు పోతే అక్కడా పొమ్మన్నాయి.

పొట్టేలు పిల్ల చూసింది. "నా వీపు మీద కూర్చో అక్కా. ఉన్ని మెత్తగా ఉంటుంది, జారవు" అంది.

ఆ రోజు నుంచి గోరింక దాని ఒంటి మీద నెత్తురు తాగే గోమార్లు ఏరేది. వాన పడితే రెక్క చాపి ఆ దొప్ప చెవిని కప్పేది. ఒళ్లంతా తడిసినా పొట్టేలు ఊరుకునేది గానీ, చెవిలో చుక్క పడితే మాత్రం ఆగలేక ఒళ్లు విదిలించేది. అప్పుడు గోరింక ఎగిరి బురదలో పడేది. లేచి తమ్ముణ్ని నాలుగు తిట్లు తిట్టి మళ్లీ ఎక్కేది.

ఇట్లా ఉండగా మందకు గాలికుంటు రోగం వచ్చింది. మంద బతికితే ఆ పొట్టేలును ఊరమ్మకు ఇస్తానని ఓదెలు మొక్కాడు. మంద బతికింది. పొట్టేలుకు చేత్తో పాలు పట్టి పెంచిన ఓదెలు భార్య బాలవ్వ అన్నం ముట్టలేదు.

"మొక్కింది నీ నోరు, పోయేది దాని మెడ" అంది మొగుడితో.

ఓదెలు తల వంచుకున్నాడు. మాట ఇచ్చాక తప్పుతుందా అన్నాడు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి. పొట్టేలు మీద పసుపు నీళ్లు పోస్తారు. ఒళ్లు విదిలిస్తే ఊరమ్మ తల్లి బలి అడిగినట్టు. విదిలించకపోతే తల్లి వద్దన్నట్టు.

దొడ్లో పొట్టేలు గోరింకతో మెల్లగా అంది: "నేను ఆగలేనక్కా."

"చెవిలో నీళ్లు పడకపోతే?"

"అప్పుడు ఆగుతా."

"అయితే నువ్వు కదలకు. మిగతాది నేను చూసుకుంటా."

జాతర నాడు చలిగాలి కొడుతోంది. మొదటి చెంబు ఎత్తగానే గోరింక వచ్చి చెవి మీద వాలింది. ఎవరో తువ్వాలతో కొట్టారు. పడింది, లేచింది, వాలింది. నీళ్లు పడ్డాయి. పొట్టేలు విదిలించలేదు. రెండో చెంబు పోశారు. విదిలించలేదు. మూడోసారి కుండకు కుండే కుమ్మరించారు. కొమ్మ పట్టలేని ఆ కాలు ఉన్నిని పట్టుకుంది. రెక్క మాత్రం చెవి మీద నుంచి జరగలేదు.

పొట్టేలు విదిలించలేదు.

తల్లి వద్దంది, పిట్టను పంపి మరీ వద్దంది అన్నారు పెద్దలు. ఓదెలు పగ్గం విప్పేశాడు.

పొద్దు వాలుతుండగా పొట్టేలు అడిగింది: "దిగవేం అక్కా?"

"అలిసిపోయా తమ్ముడూ. ఇక్కడ వెచ్చగా ఉంది. ఉండనీ."

తెల్లారి పొట్టేలు మేతకు లేవలేదు. తల కదపలేదు. బాలవ్వ వచ్చి చూసింది. కుంటి గోరింక ఉన్నిలో తల దాచుకుని బిగుసుకుపోయి ఉంది. బాలవ్వ దాన్ని ఉన్నిలో చుట్టి దొడ్డి కంచె కింద పూడ్చింది. పొట్టేలు ఆ పక్కనే పడుకుంది.

ఉన్ని కత్తిరించే కాలం వచ్చింది. పొట్టేలు ఒళ్లంతా కత్తిరించనిచ్చింది. చెవి దగ్గరికి కత్తెర వస్తే తల తిప్పేసుకుంది. మళ్లీ వస్తే మళ్లీ తిప్పింది. మూడోసారి ఓదెలు విసుక్కున్నాడు.

"వదిలెయ్. దాని అక్క కూర్చునే చోటది" అంది బాలవ్వ.

ఓదెలు కత్తెర కింద పెట్టాడు.

ఇప్పటికీ ఆ గుట్టల వైపు ఉన్ని కత్తిరిస్తే ప్రతి గొర్రెకూ చెవి పక్కన పిడికెడు కుచ్చు వదిలేస్తారు. ఇదెందుకు అవ్వా అని పిల్లలు అడిగితే, "అక్క వస్తే జారకుండా" అంటారు. అని, ఇంకో గొర్రెను ముందుకు లాక్కుంటారు.