గాజుతొట్టిలో నల్ల స్పాంజి

కుట్టులో తప్పు లేదు. కెమెరా గొట్టం లోపలికి పంపి డాక్టర్ చెన్నకేశవులు కళ్ళారా చూసుకున్నాడు. పెంచలమ్మ కడుపులో తాను కుట్టిన తిత్తి ఎక్కడా ఊడలేదు, ఎక్కడా బిగుసుకుపోలేదు. కాని లోపలి పొరంతా ఎర్రగా వాచి ఉంది. అతనికి బాధ కంటే ముందు కోపం వచ్చింది. తన చేతిపనిని ఎవరో కావాలని పాడుచేసినట్టు అనిపించింది.

పెంచలమ్మ నెల్లూరులో బస్సు కండక్టరు. పెద్దపేగు పుండ్లు పడి పాడైపోతే కేశవులు దాన్ని పూర్తిగా తీసేసి, చిన్నపేగు చివరను మడిచి, మలం నిలవడానికి లోపలే ఒక తిత్తి కుట్టాడు. అది మానేదాకా ఆమె పొట్ట మీద ప్లాస్టిక్ సంచీ కట్టుకుని తిరిగింది. ఆ సంచీ పోయిన నాడు వార్డంతా మిఠాయి పంచింది. ఇప్పుడు తిత్తి వాచి, దొడ్డికి పరుగులు తీయడంతోనే పొద్దు గడిచిపోతోంది. యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది.

"సంచీ మాత్రం వద్దు సార్," అందామె. "సంచీ కట్టుకోని ఉదయగిరి బస్సులో ఆ రష్షులో టికెట్లు ఎట్ట కొట్టేది? డ్యూటీ పొయ్యిందంటే ఇంక నేను మనిషినే కాదు."

కేశవులు గురువుగారి గదికి వెళ్ళాడు. ఆయన డాక్టర్ మస్తాన్ వలీ. పేగుల ఆపరేషన్ అంటే ఆ చుట్టుపక్కల ఆయన పేరే చెబుతారు. తల నెరిసినా చెయ్యి వణకదు. మాట మాత్రం మహా పొదుపు. ఆ పొదుపంతా కేశవులి విషయంలో గాలికి పోయేది. కొత్త డాక్టర్లు ఎవరొచ్చినా, "మావాడి కుట్టు చూడండయ్యా, నాకంటే సన్నం," అని చూపించుకునేవారు. అలా పొగిడి పొగిడి సగం పాడుచేసింది ఆయనే.

"ఇంకా ఘాటైన మందు వేస్తాను సార్," అన్నాడు కేశవులు. "దానికీ లొంగకపోతే తిత్తి తీసేసి మళ్ళీ సంచీ పెట్టేద్దాం."

"నేను రాసిన పొడి?"

అది మేలుచేసే బాక్టీరియా పొడి. మందుతో వాపు తగ్గగానే రోజూ నీళ్ళలో కలిపి తాగించమని సారు రాశారు. కేశవులు నవ్వాడు.

"కొట్టేశాను సార్. దండగని ఆమెకీ చెప్పేశాను. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. రుజువులూ అంతంత మాత్రమే. క్రిముల్ని చంపలేక నేను తంటాలు పడుతుంటే, మళ్ళీ క్రిముల్నే తెచ్చి పొయ్యడమా?"

"నిజమే. అందరికీ పనిచెయ్యదు," అన్నారు సారు. గది మూలనున్న చేపల తొట్టి వైపు చూశారు. "పాచిపట్టింది. కాస్త కడిగి పెడతావా?"

ఇంకొకడైతే చిన్నబుచ్చుకునేవాడు. కేశవులు పొంగిపోయాడు. కడగడంలో మాత్రం తనని మించినవాడెవడు? చేపల్ని పాత నీళ్ళతో సహా బకెట్లోకి మార్చాడు. రాళ్ళు ఉడకబెట్టాడు. ఆపరేషన్‌కి ముందు చేతులు తోముకున్నంత శ్రద్ధగా అద్దాలు తోమాడు. నీళ్ళు వడకట్టే స్పాంజి నల్లగా, జిగటగా ఉంటే, ఛీ అనుకుని పారేసి కొత్తది బిగించాడు. మంచినీళ్ళు నింపి చేపల్ని వదిలాడు.

"తళతళలాడుతోంది," అన్నారు సారు. కేశవులు ఫోటో కూడా తీసుకున్నాడు.

రెండు రోజులు తిరక్కుండానే నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కేశవులు మళ్ళీ అన్నీ తీసి, మళ్ళీ ఉడకబెట్టి, మళ్ళీ తోమాడు. మళ్ళీ తెల్లబడ్డాయి. ఒక ఎర్రచేప పక్కకి ఒరిగిపోయింది. అతను పళ్ళు నూరుతూ ఇంకోసారి బకెట్ అందుకున్నాడు.

"ఆగు," అన్నారు సారు.

మర్నాడు ఆయన ఇంటి నుంచి ఒక కవరు తెచ్చారు. అందులో ఆయన మనవరాలి తొట్టిలోని పాత స్పాంజి ఉంది. నల్లగా, జిగటగా, కంపు కొడుతోంది. దాన్ని తీసి నీళ్ళలో గట్టిగా పిండారు. మడ్డి మబ్బులా కమ్ముకుంది.

"సార్! మురికి!"

సారు పిండిన స్పాంజిని కొత్తదాని పక్కనే బిగించి, చేతులు కడుక్కుని ఓపీకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కేశవులికి తొట్టి వైపు చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత మెల్లమెల్లగా మడ్డి అణిగింది, తెలుపూ విరిగింది. ఒకరోజు వచ్చి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒరిగిన ఎర్రచేప మేత కోసం మూతితో అద్దాన్ని పొడుస్తోంది. అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. రాళ్ళు మెరుస్తున్నాయి, అవి తను కడిగినవే. స్పాంజి మాత్రం నల్లగానే ఉంది. నీళ్ళను తేటపరిచింది ఆ జిగటలో బతికే క్రిములే. అతనికి సిగ్గేసింది.

కేశవులు తిన్నగా వార్డుకు వెళ్ళాడు. మందుతో పెంచలమ్మకు వాపు తగ్గుముఖం పట్టింది. పొడి పొట్లం చించి, గ్లాసు నీళ్ళలో తనే కలిపి ఆమె చేతికిచ్చాడు.

"ఇదేంది సార్? ఇది దండగన్నారు గదా?"

"అన్నాను. తెలిసీ తెలియక అన్నాను. రోజూ తాగాలమ్మా. తప్పకుండా పనిచేస్తుందని మాటివ్వలేను."

ఆమె గ్లాసులోకి ఒకసారి, అతని ముఖంలోకి ఒకసారి చూసి, గటగటా తాగేసింది.

ఎండలు పోయి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం పెంచలమ్మ డ్యూటీ దిగి, ఖాకీ బట్టల్లోనే సారు గదికి వచ్చింది. పొట్ట మీద సంచీ లేదు. భుజాన టికెట్ల సంచీ మాత్రం ఉంది.

"డిపోలో అందరికీ చెప్తుండా సార్," అంది కేశవులితో. "మీ చెయ్యంటి చెయ్యి ఈ జిల్లాలోనే లేదని!"

కేశవులి ఛాతీ పొంగింది. పొంగాల్సిందే మరి, ఆ కుట్టు అంత గొప్పది. మస్తాన్ సారు ముఖం అతనికంటే ఎక్కువ వెలిగింది.

ఆమె వెళ్ళాక కేశవులి చూపు తొట్టి మీద పడింది. అంత తేటనీళ్ళలో, అంత శుభ్రమైన అద్దాల మధ్య ఆ నల్ల స్పాంజి. అతని చేతులు ఊరుకోలేకపోయాయి. చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

"కేశవా," అన్నారు సారు, రాస్తున్న చీటీ మీంచి తలెత్తకుండానే. "దాన్ని మాత్రం కడగబాకు."